ఓదార్పు రాళ్ళు

తాడు తెగింది. పెయింటరు చర్చి గోపురం మీద నుంచి పడ్డాడు. నడుము విరిగింది, ఇక కాళ్ళు లేనట్టే అన్నారు డాక్టర్లు. ఆ రంగు అతను కూలికి వేయడం లేదు, ప్రభువుకిచ్చిన మాట కోసం వేస్తున్నాడు. తాడు మాత్రం సంఘపెద్దది. కొత్తది కొందామంటే, "నా గోడౌన్లో ఉన్నది ఏనుగునైనా ఆపుతుంది" అని ఆయనే తెచ్చిచ్చాడు.

పెయింటరు భార్యది ఇస్త్రీ దుకాణం, ఇంటి ముందుగదిలోనే. పొద్దున్నే మొగుణ్ణి ఎడమపక్కకి తిప్పి, వీపు తుడిచి, పౌడరు చల్లి దుకాణంలోకి వెళ్ళేది. కాసిని చొక్కాలు మడత పెట్టి, పెట్టె పక్కన పెట్టి, లోపలికొచ్చి కుడిపక్కకి తిప్పేది. వీపు పుండు పడితే మళ్ళీ ఆసుపత్రే.

మధ్యాహ్నాలు ఓదార్చేవాళ్ళు వచ్చేవారు. నోరు తెరిస్తే రాళ్ళు పడేవి. అదేం వింత కాదు. తమకు తెలియని సంగతి దేవుడి పేరుమీద తెలిసినట్టు చెబితే, ఆ మాట రాయై కింద పడటం ఆ వీధిలో మామూలే. తెలిసినవాళ్ళు ముందే పాదాలు వెనక్కి లాక్కునేవారు.

"మోయలేని బరువు ఆయన పెట్టడు వదినా," అంది ఆడపడుచు. టప్పున కోడిగుడ్డంత రాయి.

"కాలు తియ్యి," అంది పెయింటరు భార్య.

పాస్టరుగారివి పలకలు, అంచులు చెక్కినట్టు చక్కగా పడేవి. చదువుకున్న మనిషి మరి. సంఘపెద్దవి బండలు. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆమె రోజూ తీసుకునేది. సాయంత్రం గంపకెత్తి పెరట్లో పోసేది.

బక్కోడి దగ్గర మాత్రం ఏమీ పడేది కాదు. వాడు పెయింటరుతోపాటు రంగులేసినవాడు. వచ్చి, మంచం కోడు పట్టుకుని కూర్చుని, తల గోక్కునేవాడు.

"నాకేం అర్థం కావట్లేదు వదినా. తాడు కుళ్ళిపోయింది. అంతే."

ఆమె నేలవైపు చూసింది. శుభ్రంగా ఉంది. "రేపు కూడా రా," అంది.

పెయింటరుకి ఒకటే కోరిక. "ఈ మంచం మీద ప్రార్థన చేస్తుంటే ఆయనతో ఫోన్లో మాట్లాడుతున్నట్టుంది. ఎదురుగా కూర్చుని తేల్చుకోవాలి. నన్ను చర్చికి తీసుకెళ్ళు."

చక్రాల కుర్చీ దొరికింది. చర్చి ముందున్నవి మాత్రం నిటారు మెట్లు. పక్కన చిన్న ర్యాంపు కట్టించమని ఆమె అడిగితే సంఘపెద్ద స్వయంగా ఇంటికొచ్చాడు.

"కట్టిద్దాంలే అమ్మా. ముందు నువ్వు ఈ ఆదివారం లేచి నిలబడి, దాచుకున్న పాపమేదో అందరి ముందూ ఒప్పుకో. ఊరికే దేవుడు ఇంత దెబ్బ కొట్టడు."

బండ పడింది. గచ్చు పగిలింది.

"తాడు దేవుడిదా పెద్దయ్యా?"

"నోరు అదుపులో పెట్టుకో!"

"పెట్టుకునే మాట్లాడుతున్నా. నా కాళ్ళ దగ్గర ఏమన్నా పడిందేమో చూడండి."

ఆయన చూశాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పెయింటరు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, ఆమె తిప్పినవైపే. పలకరిస్తే గోడ మీది సున్నం గోటితో గీరుతూ ఉన్నాడు. ఆమెకీ ఒళ్ళు హూనమై ఉంది. "పోనీలెండి, ప్రభువు ఏం చేసినా మన మంచికే," అనేసింది.

రాయి అతని మోకాలి మీద పడింది. అతనికి తెలియలేదు. చప్పుడుకి తల తిప్పి చూశాడు.

"నీది కూడానా?" అన్నాడు.

ఆమె ఆ రాయిని పమిటకొంగుతో తుడిచి చేతిలో పట్టుకుంది. చిన్నదే, బరువు మాత్రం చాలా ఉంది. దుకాణంలోకి వెళ్ళి ఇస్త్రీ పెట్టె అందుకుంది. ఎవరిదో తెల్ల చొక్కా మీద పెట్టె నడుపుతూ, చొక్కాతో మాట్లాడుతున్నట్టే అంది:

"చూడు ప్రభువా. నిన్ను వదిలి నేనెక్కడికీ పోను. అలాగని నీ తరఫున అబద్ధం ఆడను. ఇది అన్యాయం. జవాబు నువ్వే చెప్పాలి. మధ్యవర్తులు చెబుతుంటే నా ఇల్లు రాళ్ళతో నిండిపోతోంది."

నేల మీద ఏమీ పడలేదు. చొక్కా మడత బాగా వచ్చింది.

శనివారం ఆమె, బక్కోడు కలిసి పెరట్లో రాళ్ళన్నీ తోపుడుబండికెత్తారు. మిట్టమధ్యాహ్నం, వీధంతా చూస్తుండగా, చర్చి మెట్ల పక్కన ర్యాంపులా పేర్చడం మొదలుపెట్టారు. అడుగున మొదటి రాయి ఆమె తనదే పెట్టింది. దానిమీద సంఘపెద్ద బండలు, సందుల్లో ఆడపడుచు గుడ్లు, పైన పాస్టరుగారి పలకలు. పాస్టరుగారు బయటికొచ్చి నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, మూసేశాడు. లోపలికెళ్ళి సిమెంటు కలుపుకోవడానికి బకెట్టుతో నీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆదివారం పెయింటరు ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. బక్కోడు వెనక నుంచి తోశాడు. పైదాకా వచ్చాక చక్రం ఆగిపోయింది. గడపకీ ర్యాంపుకీ మధ్య జానెడు సందు. రాళ్ళు సరిపోక మిగిలిపోయింది.

గుమ్మంలో సంఘపెద్ద అడ్డంగా నిలబడ్డాడు. "ఒప్పుకోకుండా లోపలికొస్తే ప్రభువు మీ మొహం కూడా చూడడు!"

ఆయన జీవితంలో అంత పెద్ద రాయి ఎప్పుడూ పడలేదు. ఆయనే ఎగిరి వెనక్కి దూకాడు, గుమ్మం ఖాళీ అయింది. ఆమె వంగి, ఆ రాయిని దొర్లించి, సందులో పెట్టి కాలితో తొక్కి చూసింది. కదల్లేదు.

"అతికినట్టు సరిపోయింది పెద్దయ్యా," అంది. "తోయరా."

ప్రార్థన మధ్యలో, అందరూ సాక్ష్యాలు చెప్పే వేళ ఆమె లేచి నిలబడింది. జనం ఆమె మొహం చూడలేదు, పాదాలు చూశారు.

"నాకూ పాపాలున్నాయి, మీకున్నట్టే. ఈ దెబ్బకి సరిపడేది మాత్రం ఏదీ లేదు. లేనిది ఒప్పుకోను. ప్రభువుని ఒక ప్రశ్న అడిగాను. ఆయన జవాబు చెప్పేదాకా ప్రతి ఆదివారం వచ్చి ఇక్కడే కూర్చుంటాను. చెప్పాక కూడా వస్తాను."

నేల శుభ్రంగా ఉంది. పెయింటరు తలెత్తి, పైన ఎదురుగా ఉన్నవాడితో పెదవులు కదలకుండా తన సంగతి మొదలుపెట్టాడు. ముందు వరసలో సంఘపెద్ద రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాడు.

జవాబు వచ్చిందో లేదో ఆమె ఎవరికీ చెప్పలేదు. వాన పడినా, జ్వరం వచ్చినా, దుకాణంలో బట్టలు గుట్టలుగా పేరుకున్నా, ప్రతి ఆదివారం కుర్చీ తోసుకుంటూ ఆ రాళ్ళ మీదుగా ఎక్కింది. ఒక్క వారం కూడా మానలేదు.