ఆఖరి కడుగునీళ్ళు

నేను వెధవని. ఈ మాట ఇంకొకరంటే పళ్ళు రాలగొడతాను గానీ, నన్ను నేను అనుకోవడానికి ఎవడి అనుమతి కావాలి?

కఖేతి అనే ద్రాక్షసీమలో మా ఊరివాళ్ళం వైన్‌ని మట్టిబానల్లో పెడతాం. బాన మెడదాకా నేలలోనే ఉంటుంది. దాన్ని కడగాలంటే మనిషి లోపలికి దిగాలి. చెర్రీ బెరడు కుంచెతో గోడలు తోమాలి, నీళ్ళు పోసి తోడాలి, మళ్ళీ పోయాలి. చివరికి ఆ కడుగునీళ్ళే ఒక గిన్నెడు బాన సొంతదారు ఎదుట తాగి చూపించాలి. తాగలేని నీళ్ళు వచ్చే బానలో ద్రాక్షరసం పోయకూడదని మా తాతల మాట.

జుంబెర్ మా ఆవిడకి అన్న. డెబ్బై రెండేళ్ళు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. ఉన్నదల్లా గుట్టమీద ఓ చిన్న తెల్లద్రాక్ష తోట. పాత తీగలు పీకేసి కాపు ఎక్కువిచ్చే రకం నాటమని ఒకప్పుడు పైనుంచి ఆర్డరొస్తే ఊరంతా పీకేసింది. వాళ్ళ నాన్న మాత్రం ముళ్ళకంప అడ్డంపెట్టి దాచాడు. ఆ రకం ఇప్పుడు ఇంకెక్కడా లేదు.

తిబిలీసీ నుంచి ఖాతూనా అనే ఆవిడ వ్యానులో మనుషుల్ని తీసుకొచ్చి, ఇలాంటి చిన్నచిన్న వైన్ ఇళ్ళు తిప్పి రుచి చూపిస్తుంది. వసంతంలో బాన తెరిచే రోజుకి వస్తానని కబురు పెట్టింది. ఆ కబురుతో మావాడికి పదేళ్ళ వయసు తగ్గింది.

"ఒరేయ్ జావూర్, వాళ్ళలో తోటలున్నవాళ్ళు కూడా ఉంటార్రా. తాగి బాగుందన్నవాడెవడో పది కొమ్మలడిగి పట్టుకెళ్తే చాలు. నేను పోయినా తీగ బతుకుద్ది" అన్నాడు.

"నువ్విప్పుడే ఎక్కడికి పోతావు బావా, నా దగ్గర తినాల్సిన తిట్లు ఇంకా చాలా ఉన్నాయి" అన్నాను.

మోకాళ్ళు పట్టేశాక అతని బాన నేనే కడుగుతున్నాను. ఇంకొకణ్ణి దగ్గరికి రానివ్వడు. పోయిన సెప్టెంబరులో, కోతకి ముందు, పక్కింటి పెళ్ళివిందులో ఒక్కొక్కరి పేరు చెప్పి తాగే ఇరవై ఆరు శుభాకాంక్షలకి ఇరవై ఆరుసార్లు గ్లాసు ఖాళీ చేశాను. మర్నాడు తల పగిలిపోతుంటే బానలోకి దిగాను. లోపల చలి, చీకటి. భుజాలదాకా తోమాను. అడుగున పాత మడ్డి గట్టిగా అతుక్కుని ఉంది. వంగితే వాంతి వచ్చేలా ఉంది. వంగలేదు. నాలుగు బకెట్లు పోసి తోడేశాను.

"ఆఖరి నీళ్ళు తాగావా?" పైనుంచి తాడు పట్టుకుని అడిగాడు.

పైకొచ్చి అతని కళ్ళ ముందే గిన్నెడు తాగాను. బానలోవి కావు. పక్కన బకెట్‌లో ఉన్న బావినీళ్ళు.

"తేనె బావా, తేనె!" అన్నాను కూడా, సిగ్గులేనివాణ్ణి.

ఏప్రిల్‌లో ఖాతూనా వచ్చింది, వెంట నలుగురు విదేశీయులు. అప్పటికే రెండిళ్ళలో రుచి చూసి హుషారుగా ఉన్నారు. జుంబెర్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రొట్టె, చీజ్, అక్రోటు పలుకులు బల్లమీద పరిచాడు. కొమ్మలు అడిగితే వెంటనే ఇవ్వడానికని పది కోసి తడిగుడ్డలో చుట్టిపెట్టాడు. ఆ మూట చూసినప్పుడే నా గుండెల్లో రాయి పడింది.

బాన మీద మెత్తిన మట్టి గీకి, రాతిమూత జరిపాడు. వాసన ముందే చెప్పేసింది. పుల్లగా, కుళ్ళిన గుడ్డులా. అయినా సొరకాయ బుర్రతో ముంచి గ్లాసుల్లో పోశాడు. ఒకాయన నోట్లో పోసుకుని, మర్యాద కోసం మింగడానికి ప్రయత్నించి, గుమ్మం బయటికి పరిగెత్తాడు.

"ఒక్కో ఏడు ఇలాగే అవుద్ది లెండి, బాబాయ్ గారూ" అంది ఖాతూనా. ఆమె గ్లాసు నిండుగానే ఉంది.

జుంబెర్ మాత్రం మొత్తం తాగాడు. "బాన తప్పు కాదమ్మా. కడిగింది ఇదిగో, మా జావూర్. ఆఖరి నీళ్ళు నా ముందే తాగాడు. మూత నేనే వేశాను. ఇంక మిగిలింది ద్రాక్షే. రెండేళ్ళ నుంచి ఆకులు పసుపెక్కుతున్నాయి. తీగకేదో రోగం" అన్నాడు.

చెప్పాలి. అప్పుడే చెప్పాలి. అంతమంది ముందు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు వాన. ఆ మర్నాడు ఏ సాకూ లేదు, అయినా వెళ్ళలేదు. మూడోరోజు మా ఆవిడే చెప్పింది, "గుట్టమీద పొగొస్తోంది, అన్నయ్య ఏం తగలెడుతున్నాడో" అని.

రొప్పుతూ గుట్టెక్కాను. తోట లేదు. కూలీల చేత మొదళ్ళు వేళ్ళతో సహా పెకలింపించి, కుప్పేసి కాలుస్తున్నాడు. తడిగుడ్డలో కట్టిన ఆ పది కొమ్మలు కూడా ఆ మంటలోనే ఉన్నాయి.

"ఏం పని చేశావు బావా!"

"పక్కోళ్ళ తోటలకి రోగం పాకితే? మా నాన్న దాచాడని ఊరి నోట్లో మట్టి కొట్టనా?"

ఏడ్చేశాను. ఉన్నదంతా కక్కేశాను. పెళ్ళివిందు, అడుగున మడ్డి, బావినీళ్ళు, అన్నీ. "నీ తీగకేం లేదు. తప్పు నాది. కావాలంటే బానలోకి దిగి చూపిస్తా రా!"

"అందులో నిన్ననే మట్టి నింపేశాను." నా ముఖంలోకి అలా చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టమని దేవుణ్ణి వేడుకున్నాను. నవ్వాడు. మసిచేతులతో నన్ను కౌగిలించుకున్నాడు.

"పిచ్చినాయాలా! నా మనసు కుదుటపడాలని ఇంత అబద్ధం ఆడతావా? నా కళ్ళతో నేను చూళ్ళేదా, నువ్వు తాగడం?"

"నిజం బావా, మా ఆవిడ మీద ఒట్టు."

"నా చెల్లెలి మీద ఒట్లేంట్రా? నోర్ముయ్."

జేబులోంచి చాచా సీసా తీశాడు, ద్రాక్షపిప్పితో కాచే సారా. మూతలో పోసి, కాలుతున్న మొదళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు. అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వైన్ పోయింది, తోట పోయింది. మనిషి మిగిలాడు. అబద్ధం ఆడైనా నా బరువు మోయాలనుకునే మనిషి. మా జావూర్‌కి!" అని ఒక్క గుక్కలో తాగాడు.

తరవాత చెర్రీ బెరడు కుంచె నా చేతిలో పెట్టాడు. "నాకింక దీంతో పనేముంది? ఊళ్ళో అందరికీ చెప్పాను, బాన కడిగించుకుంటే జావూర్ చేతే కడిగించుకోండని" అన్నాడు.

సీసా మూత మళ్ళీ నింపి నాకిచ్చాడు. తాగేదాకా నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. తాగాను.