పిలిచే చెయ్యి

చక్రధరరావు కిరండూల్ గని లాబొరేటరీలో ఇనుపరాయి పరీక్షించి రిటైరైనవాడు. ఆ తర్వాత ఇత్తడి బొమ్మల మీద పడ్డాడు. మట్టిముద్దకి మైనం తీగలు చుట్టి బొమ్మ చెయ్యడం, పైన మట్టి మెత్తి కాల్చి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పొయ్యడం కోస అనే పోతపనివాడి దగ్గర నేర్చుకున్నాడు. లెక్క మాత్రం తనది. మైనం తూచి, దానికి తొమ్మిదింతలు ఇత్తడి. తల కొలిచి, దానికి ఎనిమిదింతలు ఎత్తు. కొలిచే కాలిపర్స్ పట్టకుండా ముక్కు కూడా పెట్టేవాడు కాదు. ఒక్క బొమ్మా వంకర పోలేదు. ఒక్క బొమ్మకీ ప్రాణం రాలేదు.

మైనం తీగలు చేసిపెట్టేది భార్య రమణమ్మ. ఓసారి మిగిలిన మైనంతో తనే ఓ బొమ్మ చేసింది. చెయ్యి చాచి నిలబడిన ఆడమనిషి. ఆ చెయ్యి ఒంటికి సరిపడని పొడుగు.

"అదేటే, తెడ్డా?" అని నవ్వాడు.

"పిలుస్తోందండీ. పిలిచినప్పుడు చెయ్యి అంతే ఉంటాది. మీరెప్పుడైనా తిరిగి చూస్తే కదా! దీన్ని మాత్రం కొలవకండి. ఇలాగే పోత పోయించండి."

రమణమ్మకి ఆయాసం ఎక్కువైతే, కూతురు ఉమామహేశ్వరి ఆమెని విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పోత పని ఉందని ఆయన వెళ్ళలేదు. ఒంటరిగా ఇంట్లో కూర్చుని ఆ బొమ్మ కొలిచాడు. ఎక్కువైన ముక్క బ్లేడుతో తెంపి మైనం గిన్నెలో పడేశాడు. ఒప్పైన కొలత రాసుకున్నాడు, తప్పు కొలత రాయలేదు. లాబొరేటరీలో మూడు ఫలితాల్లో ఒకటి దూరంగా పోతే దాన్ని కొట్టేసి, మిగతా రెంటి సగటు పంపేవాడు. అదే అలవాటు.

తిరిగొచ్చిన రమణమ్మ ఇత్తడి బొమ్మని ఒళ్ళో పెట్టుకుంది.

"బాగుందండీ. ఇప్పుడెవర్నీ పిలవట్లేదు."

ఆ ఏడు వానలు పడకముందే ఆమె పోయింది.

సంవత్సరీకానికి కూతురు వచ్చింది. "ఆ చెయ్యి పొడుగ్గా చేశానని అమ్మ ఆసుపత్రిలో చెప్పింది. అలాగే చేయించు నాన్నా. పట్టుకెళ్ళి ఫొటో పక్కన పెట్టుకుంటాను."

ఇదైనా చెయ్యగలననుకున్నాడు. ఇద్దరూ కోస కొలిమికి వెళ్ళారు.

"అతుకు పోస్తా సార్, దానికేంది," అన్నాడు కోస. "ఎంత పొడుగు?"

చక్రధరరావు బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొలిచావు కదా నాన్నా?"

"కొలిచాను. రాయలేదు. తప్పు కొలత కదా అని..."

"అందాజ్‌గా చెప్పు సార్."

చక్రధరరావు మైనం తీగ చుట్టి బొమ్మ చేతికి అతికించాడు. పీకేశాడు. మళ్ళీ అతికించాడు. ఎన్నిసార్లు చేసినా వేళ్ళు లెక్క కుదిరిన చోటే ఆగిపోయాయి.

"నీకు గుర్తు లేదా అమ్మా?"

"నేనెప్పుడు చూశాను? కోసకి ఇచ్చేసరికే నువ్వు తెంపేశావు. చూసినవాడివి నువ్వొక్కడివే."

బొమ్మని ఆమె చేతిలో పెట్టబోయాడు. ఉమామహేశ్వరి పుచ్చుకోలేదు. బ్యాగు భుజాన వేసుకుంది.

"బండికి టైమైంది."

"మరి ఇది?"

"ఇది అమ్మ చేసింది కాదు నాన్నా."

ఆమె రోడ్డు ఎక్కేదాకా చూశాడు. పిలుద్దామని చెయ్యి ఎత్తాడు. ఏమని పిలుస్తాడు? దించేశాడు.

"ఇత్తడి కాగింది సార్. ఏం చెయ్యను?" అన్నాడు కోస.

"పొయ్యి ఆర్పెయ్."