సంచిలో వెలుగు

చేత్తో పట్టుకుని వాడే యంత్రాల్లో బ్యాటరీని పొదుపుగా నడిపే చిప్‌లు తయారుచేయడం అతని ఉద్యోగం. అతని వదిన ఇంటింటికీ పార్సిళ్లు అందిస్తుంది; ఆమె చేతిలోని స్కానర్‌లో ఉన్నది అతని చిప్పే. అది మధ్యాహ్నానికే చచ్చిపోతోందని ఆమె అన్నప్పుడు, అన్నం తింటూ అందరి ముందూ తీసిపారేశాడు.

"వాడటం రాకపోతే చిప్పేం చేస్తుంది వదినా? బల్ల మీద పెట్టి మూడ్రోజులు పరీక్షించాను."

ఆనాటి నుంచి ఆమె చార్జర్ వెంటబెట్టుకుని, పార్సిల్ ఇచ్చిన ఇళ్లలోనే ప్లగ్గు అడుక్కుని, మెట్ల మీద కూర్చుంటోంది.

ఇవాళ వీధిలో ఎదురైతే ఆమె సంచి తను అందుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో, సంచిలో వెలుగు. అడుగు పడ్డప్పుడల్లా స్కానర్ బటన్ పార్సిల్‌కు తగులుతోంది. నిద్రపోవలసిన చిప్ మేలుకుంటోంది. బల్ల నడవదు కదా. ఇంత చదువు వెలగబెట్టి ఆ మాత్రం తట్టలేదు.

అతనికి తల కొట్టేసినట్టయింది. నోరు విప్పేలోగా వదినే సంచిలోకి తొంగిచూసి, గబగబా స్కానర్ ఆపేసింది.

"మళ్ళీ ఆపడం మర్చిపోయినట్టున్నాను. ఏమనుకోకు," అంది.