అద్దమక్క అరచేయి

పొద్దున్నే బండి చక్రాలకి మెరుగుపెట్టే తన కొట్టు షట్టరు ఎత్తగానే అక్క చేసే మొదటి పని బకెట్లో సబ్బునీళ్లు కలపడం. బండి ఆగీ ఆగగానే చక్రం మీద నీళ్లు పొయ్యనివ్వదు. "వేడి చల్లారనీ నాయనా, ఇప్పుడు కొంపలేం మునిగిపోవు" అంటుంది. చల్లారాక కడిగి, తుడిచి, తెల్లటి పేస్టు రాసి గుడ్డతో రుద్దుతుంది. గుడ్డ నల్లబడేకొద్దీ అల్యూమినియం తేటపడుతుంది.

ఇరవై ఆరేళ్లు అలా రుద్దీ రుద్దీ ఆవిడ కుడి అరచేయి కూడా మెరుపెక్కింది. గీతలన్నీ అరిగిపోయి, మొహం చూసుకునేంత నున్నగా తయారైంది. అందుకే వీధి వీధంతా ఆవిణ్ణి అద్దమక్క అంటారు. పక్క కొట్టు టైలరు "ఓసారి చేయి పట్టక్కా" అని గడ్డం గీసుకుంటాడు. చేయి చూసి జాతకం చెబుతానని వచ్చినాయనైతే, మీసం సరిచూసుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. పాపం, ఆయన మాత్రం ఏం చెబుతాడు?

ఆ రోజు అక్క తమ్ముడు వ్యాను తెచ్చాడు. పదింటికల్లా ఒక ఆఫీసువాళ్లని, పన్నెండు మందిని, కొండ మీదికి తీసుకెళ్లాలి.

"చక్రాలు తళతళలాడాలన్నాడక్కా ఓనరు. ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చుంటే దొరికిన ఉద్యోగం. మాట రానివ్వకు."

"నువ్వు నోరు మూసుకుని జాకీ పెట్టు" అంది అక్క.

మూడు చక్రాలు అయ్యాయి. నాలుగోది, ముందు ఎడమ చక్రం, రుద్ది తుడుస్తుంటే అక్క అరచేతిలో సన్నటి గీత పడింది. బొటనవేలి మొదలు నుంచి చిటికెన వేలి దాకా, మధ్యలో చిన్న వంపు. తెగలేదు, నెత్తురు లేదు. కడిగినా పోలేదు. తమ్ముడికి చూపించింది.

"ఏ చక్రమక్కా?" అన్నాడు వాడు, అంతే.

"ఇదే."

చక్రం మీద ఇద్దరూ కళ్లలో వత్తులేసుకుని వెతికినా ఏమీ కనపడలేదు. అయినా తమ్ముడు ఆ చక్రం విప్పేసి, స్టెప్నీ దించి బిగించి, ఎదురు గ్యారేజీలో ఇంకో స్టెప్నీ అడిగి తెచ్చుకున్నాడు. బిగించింది నల్లటి ఇనుప చక్రం. సరిగ్గా అప్పుడే ఓనరు దిగాడు.

"ఇదేం అవతారమయ్యా! మూడు వెండివి, ఒకటి మసిదా?"

"అక్క చేతిలో గీత పడిందండీ."

ఓనరు కూడా ఆ చేతిలో పాపిడి తీసుకున్నవాడే. "పడితే చేతిలో పడింది, చక్రం మీద ఏదీ? పాత చక్రం బిగిస్తావా, తాళాలు ఇచ్చేస్తావా?"

 మళ్లీ ఖాళీగా ఇంటికెళితే భార్య ఏమీ అనదు, అదే తమ్ముడికి భయం. జేబులోంచి తాళాలు తీసి ఓనరు చేతిలో పెట్టాడు.

"ఓరి మొండిఘటమా, రాయిలాంటి చక్రమిది!" అంటూ ఓనరు వీల్‌స్పానరు తీసుకుని చక్రం అంచు మీద ఒక దెబ్బ వేశాడు. ఏమీ కాలేదు. రెండో దెబ్బకి టప్పుమని అంచు విడిపోయి గాలంతా బుస్సుమంది. పగులు అక్క చేతిలో గీత ఎలా వంపు తిరిగిందో అలాగే తిరిగింది.

ఓనరు వంగి ఆ పగులు మీద వేలు పోనిచ్చాడు. లేచి, తాళాలు తమ్ముడి చేతిలో పెట్టాడు. "నల్లదైతే ఏంటిలే. నెమ్మదిగా పోనీ బాబూ" అన్నాడు.

సాయంత్రం వ్యాను తిరిగొచ్చింది. కొండ దిగేటప్పుడు ఒక పక్కంతా లోయేనట. పన్నెండు మందీ నవ్వుకుంటూ దిగి ఎవరిళ్లకి వాళ్లు వెళ్లారు. తమ్ముడు నేరుగా కొట్టుకొచ్చేసరికి అక్క గుడ్డకి పేస్టు రాసి తన అరచేతిని రుద్దుకోబోతోంది.

"మూడు రుద్దులకి పోతుందిలేరా. పని చేసే చేతిలో గీతేమిటి, అసహ్యంగా!"

వాడు గబుక్కున గుడ్డ లాక్కున్నాడు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. అరచేయి తడిసింది.

"చెరపకక్కా, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. "పదమూడు మంది ఆయుష్షది."