నాన్న రుచి మాత్రమే చూశాడు

ఇలా దగ్గరికి జరగండి, ఆ కాళ్లు మడుచుకుని నాకూ కాస్త చోటివ్వండి. బేకరీ పెద్దాయన గుండె సంగతి చెబుతాను, చెవులప్పగించి వినండి.

ఆయనకు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. "పిండి దుమ్ము తల్లీ, అంతే" అని కొట్టిపారేసేవాడు. కూతురు వింటేనా! షట్టరు దించేసి, రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి విని మొహం చిట్లించింది. గుండె చప్పుడు గోడ అవతల నుంచి వస్తున్నట్టుందట. స్కానింగ్ చేస్తే గుండె చుట్టూ ఉన్న సంచిలో ఏదో ద్రవం చేరింది. సూదితో తీస్తే, అది పాలలా తెల్లగా ఉంది!

"నేను పాలు ముట్టనే ముట్టనండీ!" అన్నాడు పెద్దాయన బెదిరిపోయి.

"పాలు కాదండీ. తిన్న తిండిలోని కొవ్వు ఒక సన్నటి నాళం గుండా వెళ్లి రక్తంలో కలుస్తుంది. మీకు ఆ నాళం గుండె దగ్గర కారుతోంది. చాలా అరుదుగా వస్తుందిది. కొవ్వు తినడం పూర్తిగా మానేస్తే ఆ కారడం దానంతటదే ఆగొచ్చు. ఆగకపోతే ఆపరేషనే."

ఆ వయసులో ఆపరేషనంటే కూతురికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఛాతీలోంచి ఒక గొట్టం, దాని చివర సీసా. తెల్లారగానే వచ్చి సీసా చూసుకోవడం కూతురి పని. జావ, ఉడికించిన కూరలు పెడుతుంటే తెలుపు పలచబడుతూ వచ్చింది. ఆమె మొహం విప్పారింది. అంతలోనే సీసాలో తెలుపు మళ్లీ చిక్కబడింది!

"ఏం తిన్నారు?" డాక్టరమ్మ నిలదీసింది.

"మీరు చెప్పిందే. ఒట్టు!"

కూతురూ ఒట్టేసింది. వేస్తూనే చేతిసంచిలోంచి గిన్నె తీసి, "నాన్నా, పెద్ద కేకు ఆర్డరొచ్చింది. ఈ బటర్ క్రీమ్ కుదిరిందో లేదో చూడు" అంటూ చెంచా అందించింది. ఆయన అలవాటుగా నోరు తెరిచాడు.

"ఆగండాగండి! ఏమిటది?"

"తినడం లేదు డాక్టరమ్మా, రుచి చూస్తున్నాడంతే" అంది కూతురు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

వాళ్ల బేకరీలో అంతే మరి. పొద్దుటి నుంచీ గరిటెలు నాకి, "ఇంకా ఏమీ తినలేదు" అనుకుంటూ భోజనానికి కూర్చునే మనుషులు.

"రోజూ ఎంత చూస్తున్నారు?"

"గిన్నె అడుగు కనిపిస్తేగానీ తేల్చుకోలేం కదండీ" అన్నాడాయన, గడుసుగా.

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. ఆనక గిన్నె మూత పెట్టేసింది. "మీ గుండె చుట్టూ ఉన్న సంచికి రుచీ, తిండీ తేడా తెలీదు పెద్దాయనా. మీకు ఆపరేషన్ తప్పాలంటే, ఇకపై మీ అమ్మాయే రుచి చూసుకోవాలి."

"రుచి తేల్చడం నాకు తెలీదు నాన్నా..." అంది కూతురు.

"తెలీకపోతే చెడగొట్టు. కేకు పోతే ఇంకోటి చేసుకుందాం. నన్ను కొయ్యనివ్వకు."

ఆమె బేకరీకి వెళ్లి, కళ్లు మూసుకుని ఒక్క చెంచా నోట్లో వేసుకుంది. కాసేపు ఆలోచించి చిటికెడు ఉప్పు కలిపింది. నాన్న నోటిదాకా మాత్రం తేలేదు.

సీసాలో తెలుపు పోయింది, ద్రవం తగ్గింది, చివరికి ఆగింది. గొట్టం తీసేశారు. పెద్దాయన ఇంకొన్నాళ్లు పథ్యం చేస్తూనే, గల్లాపెట్టె దగ్గర కూర్చుని "ఎలా ఉందే, ఎలా ఉందే?" అని కూతుర్ని వేపుకు తిన్నాడు. అలా తినడానికి పథ్యం లేదుగా!

మర్చిపోకండర్రా. పథ్యంలో ఉండి గరిటె నాకేవాళ్లు మీకెక్కడ తగిలినా, కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. నేను చెప్పానని కూడా చెప్పండి.