అతుక్కోకూడని తీగలు

కొక్కేనికి వేలాడుతున్న ఛార్జింగ్ తీగల్లో ఒక జత, ఆమె చెయ్యి కూడా తగలకుండానే, టక్కుమని ఒకదాన్నొకటి కరుచుకుంది.

ఆమె పన్నెండేళ్లుగా ఆ దుకాణంలో బ్యాటరీల పని చేస్తోంది. తను చేసిన జత ఎప్పుడూ అలా అతుక్కోలేదు, అతుక్కోదు కూడా. ఎర్ర తీగ చివరా నల్ల తీగ చివరా చెరో బిళ్ల అయస్కాంతం పెడుతుంది. రెండింటికీ ఒకే ముఖం బయటికి వచ్చేలా చూస్తుంది. ఆ రెండు బిళ్లలూ బ్యాటరీ కొసల్ని గట్టిగా పట్టుకుంటాయి కానీ, ఎదురెదురుగా తెస్తే పాత పగవాళ్లలా విదిలించుకుని దూరం జరుగుతాయి. పొరపాటున తీగలు జారినా రెండూ కలిసి మంట లేవదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

ఆ జతను తెచ్చి బ్లేడుతో ప్లాస్టిక్ తొడుగు చివర కొద్దిగా చీల్చింది. లోపల తీగను నేరుగా అయస్కాంతం మీదే సోల్డరింగ్ చేసి ఉంది. ఆమె అలా ఎందుకు చేస్తుంది? వేడి తగిలితే అయస్కాంతం సత్తువ చచ్చిపోతుంది. అందుకే ముందు సన్నని ఇనప బిళ్లకు తీగను అతికించి, అది చల్లారాక దాని మీద అయస్కాంతాన్ని కూర్చోబెడుతుంది.

ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన కవరు సొరుగులోనే ఉంది. అన్నయ్య చేతిలో మాడిపోయిన జతను బయటికి తీసి దాని తొడుగూ కోసింది. అదే పని. అదే చెయ్యి.

ఇరవై రోజుల కిందట అన్నయ్య తన గడియారాల బల్ల మీంచి లేచి, ఆమె భోజనానికి వెళ్లినప్పుడు, ఎవరిదో బ్యాటరీని ఛార్జింగ్‌కి పెట్టాడు. తీగల ఒక కొస పెద్ద లారీ బ్యాటరీకి ఉంది. రెండో కొస జారింది. కింద పడకుండా గుప్పెట్లో పట్టుకున్నాడు. రెండు తీగల చివరలూ గుప్పెట్లోనే ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. అంతే. తీగ ఎర్రగా కాలి అరచేతిలో దిగబడిపోయింది. ఇప్పుడా చేతికి బొటనవేలూ చూపుడువేలూ వంగవు. ముప్పై ఏళ్లు ఆవగింజంత మరల్ని తిప్పిన వేళ్లు అవి.

అన్నయ్య ఆమెను తిట్టలేదు. కట్టు కట్టించుకుంటూ ఒక్క మాటన్నాడు. "నీ తీగలే కదమ్మా." ఆ మాట ఆమెకు ఇరవై రోజులుగా తిండి సయించనివ్వలేదు. ఇప్పుడు ఆకలి వేసింది, కానీ అన్నం మీద కాదు.

దుకాణంలో ఉండేది నలుగురు. అన్నయ్య, తను, గల్లాపెట్టె దగ్గర వదిన, ముందు బల్ల మీద వదిన తమ్ముడు. తలకు ఎప్పుడూ లైటు కట్టుకుని తిరుగుతాడని అతన్ని అందరూ టార్చి అంటారు. సోల్డరింగ్ తెలిసినవాడు తను కాక అతనొక్కడే. కానీ తెలియడం వేరు, నోటితో కక్కించడం వేరు. గట్టిగా అడిగితే వదిన తమ్ముణ్ణి వెనకేసుకొస్తుంది. అన్నయ్య, తప్పు కప్పుకోవడానికి ఇంకొకరి మీదికి తోస్తోందనుకుంటాడు.

ఆమె చీల్చిన తొడుగు తీసి కొత్తది తొడుగబోయి ఆగింది. ఎర్ర తొడుగు అంచున గోటితో నొక్కినట్టు చిన్న గంటు ఉంది. మాడిన జతకీ ఉంది. ఆమె పెదవులు సాగాయి. ఆ తొడుగునే మళ్లీ జాగ్రత్తగా అతికించింది, గంటు పైకి కనిపించేలా. తేడా తెలియకుండా తన జత ఒకదాని తొడుగునూ అలాగే చీల్చి అతికించింది.

మర్నాడు పొద్దున దుకాణం తెరవగానే బల్ల మీద ఇనపరేకు పెట్టి, కరెంటు పాకకుండా దాని మీద పలచని అట్ట పరిచి, చివరలు ఒకదానికొకటి తగలకుండా రెండు జతల్ని ఎడంగా అంటించింది. ఒకటి తనది, ఒకటి అతనిది. తీగల రెండో కొసలు బల్ల కిందికి, లారీ బ్యాటరీ వైపు వేలాడుతున్నాయి.

"అన్నయ్యా, ఇలా రా. వదినా, నువ్వూ రా. నా తీగల మీద నింద పడింది. వీటిల్లో ఒకటి నేను చేసింది, ఒకటి అన్నయ్య చెయ్యి కాల్చిన రకం. ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పండి."

వదిన కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. "నా మొహం. కవల పిల్లల్లా ఉన్నాయి కదే."

అన్నయ్య చాలాసేపు చూశాడు. గడియారాల కన్ను అతనిది. అయినా తల అడ్డంగా ఊపాడు.

"బావా, నువ్వు?"

"నన్నెందుకమ్మా మరదలా, నీ పరీక్షల్లోకి లాగుతావు?" టార్చి నవ్వుతూ వచ్చాడు. నుదుటి లైటు వెలుగుతూనే ఉంది.

"పరీక్షేం కాదు బావా. రెండూ కరెంటుతోనే ఉన్నాయి. నీకిష్టమైన జత తీసి, అన్నయ్య పట్టుకున్నట్టే గుప్పెట్లో పట్టుకో. నాదైతే ఏమీ కాదు. నా పని మీద నమ్మకం లేదా ఏంటి?"

లైటు వెలుగు ఒక జత మీద పడింది. రెండో జత మీద ఒక్క క్షణం ఆగింది. అతను చెయ్యి చాపి, తడబడకుండా, మొదటి జతను లాగి గుప్పెట మూశాడు. ఏమీ కాలేదు.

"చూశావా, బాగానే ఉంది నీ సరుకు," అన్నాడు.



"అన్నయ్యకి తెలియలేదు. వదినకి తెలియలేదు. నేనే తొడుగు కోస్తే గానీ పోల్చుకోలేదు," అంది ఆమె నెమ్మదిగా, ఒక్కో మాటా నమిలి. "నీకు ఒక్క చూపులో ఎలా తెలిసింది బావా? గంటు చూశావా? నీ చేతికే పొరపాటున తగలకూడదని పెట్టుకున్న గంటు?"

"ఏం గంటు? ఊరికే తీశాను..."

"అయితే రెండోది కూడా ఊరికే తియ్యి." ఆమె అతని మణికట్టు పట్టుకుని రేకు మీదికి లాగింది. "తియ్యి బావా! మా అన్నయ్య పట్టుకోలేదూ? పట్టుకో! గట్టిగా!"

"వద్దు... అక్కా, చెప్పవే దీనికి... వదులూ!"

వదిన కదల్లేదు. తమ్ముడి మొహంలోకే చూస్తోంది. అన్నయ్య కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని ఒక్క అడుగు ముందుకు వేశాడు.

ఆమె అతని చెయ్యి విడిచిపెట్టి, బల్ల కింద నుంచి తీగల కొసల్ని పైకి లాగి చూపించింది. అవి దేనికీ తగిలించి లేవు.

"ఇందులో కరెంటు లేదు బావా. ఆ రోజు అన్నయ్య గుప్పెట్లో ఉంది. ఇప్పుడు ఆయన కళ్లలోకి చూసి చెప్పు. నాకు కాదు."

టార్చి నుదుటి లైటు ఆర్పేసుకున్నాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

"నేనే చేశాను బావగారూ. పదిహేనేళ్లుగా ముందు బల్ల మీద నేనుంటే, ఆమె పనిలో చేరినప్పట్నుంచీ వచ్చినవాడల్లా 'అయస్కాంతాల అమ్మగారు లేరా?' అని నన్ను దాటి లోపలికి చూసేవాడు. వేడి తగిలితే అయస్కాంతం పట్టు పోతుందని తెలిసే చేశాను. రెండు జతలు చేసి ఆమెవాటిల్లో కలిపాను. తీగలు జారిపోతాయి, జనం తిట్టుకుంటారు, ఆమె పేరు పోతుందనుకున్నాను. అంతే అనుకున్నాను. జారినవి ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కుంటాయని నాకు తెలీదు. ఆమెవి ఎందుకు అతుక్కోవో కూడా తెలీదు, ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు మీరు ఆ జత తీస్తుంటే చూశాను బావగారూ. గంటు కనిపించింది. ఆగండి అందామని నోరు తెరిచాను. జారనీ, ఆమెకి బుద్ధొస్తుందని... మూసుకున్నాను."