వేళ్ళకు తెలిసే బిగువు

ఆపరేషనులో డాక్టరు గట్టిగా లాగిన ఒక్క కుట్టు పేగును చీల్చడంతో నా భార్య చనిపోయింది. ఆ డాక్టరును నేను క్షమించలేదు, క్షమించను. అయినా మా అమ్మాయి అదే చదువు చదువుతోంది. రేపు పేగు కుట్టే పరీక్ష. కుట్టు వేసిన ప్రతిసారీ పేగు చిరుగుతోందట. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన నన్ను ఆసుపత్రి శిక్షణ గదికి లాక్కెళ్ళింది.

అక్కడ నిజం పేగు లేదు. కళ్ళకు పెద్ద కళ్ళజోడు, చేతికి ఒక యంత్రం. కళ్ళజోడులో కనబడే పేగును కుడితే, దాని బిగువు వేళ్ళకు తెలుస్తుంది.

"నాన్నా, కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకున్నావ్."

"నవ్వింది చాల్లే, సూది ఇవ్వు."

దారం లాగాను. పల్చటి పట్టుబట్ట లాగే, చిరగబోయే ముందు పేగు వేళ్ళ కింద సన్నగా వణికింది. ఆగి, సూది అమ్మాయికిచ్చాను; తను లాగగానే చిరిగింది.

"నువ్వు ముడిని చూస్తూ లాగుతున్నావే పిచ్చిమొహమా. కళ్ళు మూసుకో. వణుకు తెలియగానే ఆగు."

కళ్ళు మూసుకుని లాగింది. ఆగింది. పేగు చిరగలేదు.

"నిలిచింది నాన్నా!"

"ఒక్కదానికే గెంతకు. మీ అమ్మను చంపిందీ ఒక్క కుట్టే. ఇంకోటి వెయ్యి."

సాయంత్రానికి ముప్పై వేసింది. చివరి పదీ కళ్ళు తెరిచే వేసింది. ఒక్కసారీ పేగు చిరగలేదు.